అట్ట మీద రెండు గీతలు

టైలరమ్మ కత్తెరను కౌంటర్ మీద పెట్టలేదు, పడేసింది. దాని పక్కనే ముదురు నీలం కోటు గుడ్డ ముక్క ఒకటి పరిచింది. కత్తిరించిన చోట గుడ్డ తెగినట్టు లేదు, ఎలుక కొరికినట్టుంది.

“చూడు పెద్దక్కా. ఇది కోయలేదు. నమిలి ఉమ్మేసింది.”

దుకాణం యజమానురాలిని బజారంతా పెద్దక్క అనే పిలుస్తుంది. ఆమె గుడ్డ అంచు మీద బొటనవేలు నడిపింది. పోగులు గరుగ్గా తగిలాయి. ముప్ఫై ఏళ్ళుగా కత్తులూ కత్తెరలూ ఉలులూ అమ్ముతున్న మనిషికి ఆ పోగులు చాలు, మిగతాది చెప్పనక్కర్లేదు. కత్తెర ఇప్పటి రకం కాదు. టైలరమ్మకు పని నేర్పిన అత్తగారిది. ఎత్తితే మణికట్టు కిందికి దిగేంత బరువు. వారం కిందట పదును పెట్టించుకుని పట్టుకెళ్ళింది. రెండు కోట్లు కత్తిరించేసరికి మొద్దుబారింది. మూడో కోటు గుడ్డను ఇలా చేసింది. ఆ గుడ్డ ఇచ్చినాయన దాన్ని ఎన్నో కొట్లు తిరిగి ఏరుకున్నాడట, అలాంటిది మళ్ళీ దొరకదట. నిన్నటి నుంచి ఆయన ఫోన్ చేస్తుంటే టైలరమ్మ ఎత్తడం లేదట.

ఇదంతా చెప్పి ఆమె వసారా వైపు ఓసారి చూసి గొంతు తగ్గించింది.

“బాబాయికి ఏమైంది పెద్దక్కా? చెయ్యి గానీ పడిపోయిందా?”

వసారాలో, కౌంటరుకు నాలుగడుగుల దూరంలో, సాన బాబాయి పీట మీద కూర్చుని ఎవరిదో కూరగాయల కత్తి నూరుతున్నాడు. ఎదురుగా చెక్క దిమ్మ, దిమ్మ మీద తడి సానరాయి, పక్కన నీళ్ళ చిప్ప. పెద్దక్క తండ్రి దుకాణం తెరిచిన ఏడాదే ఆ పీట అక్కడ వేశారు. దుకాణం బోర్డు మూడుసార్లు మారింది గానీ పీట మారలేదు.

టైలరమ్మ అడిగినదానికి జవాబు పెద్దక్కకు తెలుసు. వారం కిందట ఆమె తొందరలో కత్తెరను కౌంటర్ మీద పెట్టి వెళ్ళినప్పుడు బాబాయి అక్కడ లేడు, పంటి నొప్పికి డాక్టర్ దగ్గరికి వెళ్ళాడు. పెద్దక్క తమ్ముడు, ఎంతసేపు, రెండు నిమిషాల పని అంటూ కత్తెరను లోపల కరెంటు మిషన్ మీద పట్టాడు. పెద్దక్క ఇక్కడే, ఈ కుర్చీలోనే కూర్చుని చూసింది.

మేకుల డబ్బాలు సర్దుతున్న తమ్ముడు వచ్చి కత్తెరను అందుకున్నాడు. తెరిచాడు, మూశాడు, వెలుగుకు పట్టి చూశాడు. తల ఎత్తకుండానే అన్నాడు.

“వయసు కదండీ. ఈమధ్య చెయ్యి వణుకుతోంది. మేం చెబితే వింటాడా?”

వసారాలో రాయి చప్పుడు ఆగింది. రెండు రాపిళ్ళ మేర ఆగి ఉంటుంది. మళ్ళీ మొదలైంది.

అనాల్సిన మాట అనాల్సింది ఆ రెండు రాపిళ్ళ మధ్యే. పెద్దక్క లెక్క వేసుకుంటూ ఉండిపోయింది. మిషన్ వచ్చి ఆరు వారాలు. గురువారం క్యాంటీన్ వంటమాస్టరు నలభై కత్తులు తెస్తానన్నాడు, పని నచ్చితే ప్రతి నెలా ఇక్కడికే తెస్తాడు. మిషన్ కత్తెరను పాడుచేసిందన్న మాట ఈ రోజు గడప దాటితే గురువారం అతను రాడు. అదే మాట బాబాయి మీద పడితే? ఆయనది నలభై ఏళ్ళ పేరు. ఒక గీత పడినా తట్టుకుంటుంది. ఆరు వారాల మిషన్ తట్టుకోలేదు. లెక్క తేలింది.

“ఉంచి వెళ్ళు. నేను చూస్తాను,” అంది టైలరమ్మతో.

టైలరమ్మ మెట్లు దిగబోతూ బాబాయి ముందు ఒక్క క్షణం ఆగింది.  ముఖం పక్కకు తిప్పుకుని వెళ్ళిపోయింది. బాబాయి కూరగాయల కత్తిని తిరగేసి రెండో వైపు నూరడం మొదలుపెట్టాడు.

మర్నాడు పొద్దున్న దుకాణం తెరిచిన కాసేపటికి వడ్రంగి వచ్చాడు. రెండు రోజుల కిందట ఆరు ఉలులు గోనెగుడ్డలో చుట్టి బాబాయి దగ్గర పెట్టి వెళ్ళిన మనిషి. అవి తయారయ్యాయా అని అడగలేదు. అర్జెంటు పని తగిలింది, ఎలా ఉన్నవి అలాగే పట్టుకెళ్తానన్నాడు. ఒకటి పూర్తయింది, మిగతావి మధ్యాహ్నానికి ఇస్తానని బాబాయి చెప్పాడు.

“వద్దులే బాబాయ్. నువ్వు కాస్త రెస్ట్ తీసుకో,” అన్నాడు వడ్రంగి. ఆ మాట మంచిగానే అన్నాడు. మంచిగా అన్నాడు కాబట్టే పెద్దక్క కుర్చీలో సర్దుకుని కూర్చుంది. మొద్దు ఉలులతో అర్జెంటు పని చేసే వడ్రంగి ఏ బజారులోనూ ఉండడు.

బాబాయి ఉలులను ఒక్కొక్కటే తుడిచి, అంచులు ఒకదానికొకటి తగలకుండా ఎడంగా పేర్చి, గోనెగుడ్డ చుట్టి తాడు కట్టి ఇచ్చాడు. పదును పెట్టినదాన్ని పైన ఉంచాడు.

పదకొండింటికి సెలూన్ అతను వచ్చాడు. ఎప్పుడూ మెట్ల మీదే ఆగి, కత్తెరలు బాబాయి చేతికిచ్చి, పక్కన చతికిలబడి ఊళ్ళో సంగతులన్నీ చెప్పి గానీ లేవడు. ఈసారి మెట్లెక్కి, బాబాయి తల మీదుగా చెయ్యి చాపి, కత్తెరల సంచిని తమ్ముడికి అందించాడు. మిషన్ మీద పట్టమన్నాడు. అతనికి దారి ఇవ్వడానికి బాబాయి మోకాళ్ళు దగ్గరికి లాక్కున్నాడు. నీళ్ళ చిప్పను కూడా పక్కకు జరిపాడు.

పెద్దక్క మళ్ళీ లెక్క చూసుకుంది. తమ్ముడి మాట విన్నది ముగ్గురు. తను, టైలరమ్మ, బాబాయి. ఒక్క పూట గడిచేసరికి రెండు వీధుల అవతలి వడ్రంగికి చేరింది. గీత పడుతుందనుకుంది. ఇది గీత కాదు, అంచు విరగడం. అంచు విరిగితే ఎంత లోపలి దాకా విరిగిందో పైకి తెలియదు.

మధ్యాహ్నం తమ్ముడు భోజనానికి వెళ్ళాక షట్టర్ సగం దించి, కత్తెర తీసుకుని వసారాలోకి వచ్చింది. బాబాయి డబ్బా తెరిచి తింటున్నాడు. ఆమెను చూసి మూత పెట్టబోయాడు.

“తిను బాబాయ్. తొందరేం లేదు.”

తొందర లేదని ఆమె అన్నది గానీ కత్తెరను మాత్రం దిమ్మ మీద పెట్టేసింది. బాబాయి ఇంకో రెండు ముద్దలు తిని, చెయ్యి కడుక్కుని, పంచె అంచుకు తుడుచుకుని, పీట కింద నుంచి రేకు పెట్టె లాగాడు. అందులో అట్టముక్కలు. చొక్కాల పెట్టెల అట్టలు, చెప్పుల పెట్టెల అట్టలు, ఏవి దొరికితే అవి. ఒక్కో అట్ట మీద ఒక్కో పనిముట్టు ఆకారం పెన్సిల్‌తో గీసి ఉంది. ఎవరు కొత్తగా ఏ పనిముట్టు తెచ్చినా ముందు దాన్ని అట్ట మీద పెట్టి చుట్టూ గీత గీయడం, తర్వాతే రాయి మీద పెట్టడం బాబాయి పద్ధతి. వచ్చిన ప్రతిసారీ దాన్ని ఆ గీతలో పడుకోబెట్టి చూస్తాడు. గీతలో సరిగ్గా కూర్చున్నంతకాలం రెండో గీత గీయడు. పెద్దక్క చిన్నప్పుడు ఆ అట్టలు బొమ్మలనుకుని రంగులు వేసి తిట్లు తింది. అవి ఎందుకని మాత్రం ఎప్పుడూ అడగలేదు.

టైలరమ్మ కత్తెర అట్ట చెప్పుల పెట్టె మూత. బాబాయి కత్తెరను దాని మీద పెట్టి, పిడి నుంచి సర్దాడు. పిడి దగ్గర గీత, ఇనుము ఒక్కటిగా కలిసిపోయాయి. ముందుకు వచ్చేకొద్దీ కింది బద్దకూ గీతకూ మధ్య ఖాళీ కనిపించింది. నడుమ దగ్గర అగ్గిపుల్ల పట్టేంత.

“తొమ్మిదేళ్ళమ్మా ఇది గీసి. నేను తొమ్మిదేళ్ళలో అరగదీసింది గోరు మందం లేదు.”

 చిన్న ఆకురాయి తీసి కత్తెర మూల దగ్గర, మరమేకు పక్కన, ఒక్కసారి రాశాడు. ఆకురాయి గాజు మీద జారినట్టు జారింది. అక్కడి నుంచి నడుముకు తెచ్చి రాశాడు. ఈసారి గరగరమని పట్టుకుంది. సన్నటి పొడి రాలింది. ఆకురాయిని ఆమె చేతికిచ్చి నువ్వే రాయి అన్నట్టు గడ్డం ఆడించాడు. ఆమె రాసింది. మూల దగ్గర ఉక్కు. నడుమ దగ్గర సుద్ద.

వేడికి ఉక్కు నీలం తిరిగి ఉంటుందని, అలా తిరిగిన ఉక్కు మెత్తబడి చచ్చినట్టేనని, పైన మెరుగు పట్టేసరికి ఆ నీలం కనపడకుండా పోయిందని బాబాయి వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పాడు. ఎవరు పట్టారన్నది అనలేదు.

“నిన్న నువ్వు విన్నావు కదా,” అంది పెద్దక్క.

“నాకు చెవులు బాగానే ఉన్నాయి. పళ్ళే లేవు.”

“మరి కత్తెర నువ్వు పట్టలేదని ఎందుకు చెప్పలేదు?”

బాబాయి అట్టను పెట్టెలో పెట్టలేదు. దిమ్మ మీదే ఉంచి దాని అంచులు వేళ్ళతో సరిచేశాడు. “చెబితే నీ తమ్ముడు అబద్ధాలకోరవుతాడు, నాన్నగారి కొట్లో, బేరం ముందు. నువ్వున్నావుగా అక్కడ. నువ్వు చెప్తావులే అనుకున్నా.”

రెండు రాపిళ్ళ మేర ఆగిన చప్పుడు ఎవరి కోసం ఆగిందో పెద్దక్కకు అప్పుడు తెలిసింది.

బుధవారం ఆమె లోపలి గదిలో స్టూలు వేసుకుని తమ్ముడి పని చూసింది. ఎప్పుడూ చూడలేదని కాదు. మిషన్ కొత్తలో బజారులో సగం మంది వచ్చి చూశారు, వాళ్ళకు టీలు పోసింది కూడా తనే. కాకపోతే అప్పుడు మిషన్‌ను చూసింది, కత్తిని చూడలేదు.

తమ్ముడు నిర్లక్ష్యపు మనిషి కాదు. కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. మోచేతుల దాకా వచ్చే మందపాటి తోలు గ్లవ్స్ తొడుక్కున్నాడు. సెలూన్ కత్తెర ఒకటి తీసి చక్రానికి ఆనించాడు. రవ్వలు లేచాయి. చక్రం మోత గదంతా నిండింది. ఒక్క విడతలో మూల నుంచి మొన దాకా లాగాడు, మళ్ళీ లాగాడు. పక్కనున్న మెత్తటి చక్రం మీద మెరుగు పట్టి ఎత్తి చూపించాడు. అద్దంలా ఉంది. కాగితం ముక్కను కోస్తే చప్పుడు లేకుండా తెగింది. ఈ రోజుకు తెగుతుంది. పెద్దక్క అడగకుండానే ఆకురాయి తీసుకుని దాని నడుమ మీద రాసింది. గరగరమంది.

తమ్ముడు స్విచ్ కట్టాడు. మోత తగ్గింది.

చెయ్యి వణకడం అబద్ధమా అని అతనే మొదలుపెట్టాడు. టీ గ్లాసు ఎత్తినప్పుడు చూడమన్నాడు. మిషన్ కొత్తది, చేతికి అలవాటు కావాలి, పది కత్తెరల్లో ఒకటి పోతుంది, ఆ ఒక్కటి కోసం మిషన్ పేరు పాడు చేసుకుంటామా అన్నాడు. చివరికి అసలు మాట వచ్చింది.

“అయినా అక్కా, వ్యాపారం చేసేదానివి, నువ్వే ఆలోచించు. కత్తులు తొందరగా అరిగితే నష్టం ఎవరికి? కొత్తవి మన దగ్గరేగా కొంటారు.”

 ఆ ఆలోచన తమ్ముడి కంటే ముందు పెద్దక్కకే వచ్చింది, నిన్న అట్ట మీద అగ్గిపుల్ల మందం ఖాళీని చూసిన క్షణంలో. ఎంత తొందరగా వచ్చిందో గుర్తొచ్చి ఇప్పుడు చెంపలు వేడెక్కాయి.

“రేపు వంటమాస్టరు వస్తున్నాడు. రేపొక్కరోజు ఊరుకో,” అన్నాడు తమ్ముడు బతిమాలుతున్నట్టు.

ఆమె గ్లవ్స్ వైపు చూస్తూ, ఇవి మిషన్‌తో వచ్చాయా అని అడిగింది. కాదట. మొదటి రోజు వేళ్ళు బొబ్బలెక్కితే తనే వెతికి కొనుక్కున్నాడట. ఎంతసేపు పట్టినా ఇప్పుడు వేడే తెలియదట. అది చెప్పేటప్పుడు అతని ముఖంలో కాస్త గర్వం కనిపించింది.

గురువారం వంటమాస్టరు చెప్పిన వేళకే వచ్చాడు. భారీ మనిషి. నలభై కత్తులు రెండు ప్లాస్టిక్ ట్రేల్లో పేర్చి, తనతో వచ్చిన ఇద్దరు వంటవాళ్ళ చేత మోయించుకొచ్చాడు. ట్రేలు దించగానే ఒక కత్తి తీసి గాల్లో ఆడించాడు.

“ఇవి టమాటాని కోయడం మానేశాయి పెద్దక్కా. దండం పెట్టి బతిమాలుతున్నాయి, నువ్వే విడిపోవమ్మా అని.”

వంటవాళ్ళు నవ్వారు. తమ్ముడూ నవ్వి, గ్లవ్స్ తొడుక్కోవడం మొదలుపెట్టాడు. వంటమాస్టరు ట్రేలు లోపలికి పంపుతూ వసారా వైపు చూపు విసిరి, అన్నీ మిషన్ మీదే కదా, ముసలాయన చెయ్యి పెట్టడు కదా అని అడిగాడు. అతనికీ చేరిందన్నమాట. సరిగ్గా అప్పుడే టైలరమ్మ మెట్లెక్కింది. కత్తెర కోసం వచ్చింది. ఆమె వెనక మేకులు కొనడానికి ఇంకెవరో ఇద్దరు.

కత్తెర పెద్దక్క ముందే ఉంది. చెప్పుల పెట్టె మూత మీద, గీతలో పడుకుని, నడుమ దగ్గర ఖాళీ కనబడేలా. ఆమె కుర్చీలోంచి లేచింది. బేరాల వేళ ఆమె లేవడం అరుదు కాబట్టి అందరూ అటు చూశారు.

“ఈ కత్తెర బాబాయి పట్టలేదు. ఆ రోజు ఆయన ఇక్కడ లేడు. మేం మిషన్ మీద పట్టి పాడుచేశాం. బాబాయి చెయ్యి అన్న మాట అబద్ధం. అది అన్నప్పుడు నేను ఇక్కడే ఉన్నాను, నోరు మూసుకున్నాను.”

పొద్దుటి నుంచి మనసులో నూరుకున్న వాక్యాలు.  తమ్ముడు ఒక చేతికి గ్లవ్ ఉండి, ఒక చేతికి లేకుండా అలాగే నిలబడ్డాడు.

టైలరమ్మ కత్తెర వైపు చూడలేదు. “మొన్న నేను ఆయన ముందు నుంచి ముఖం తిప్పుకుని పోయాను పెద్దక్కా. నువ్వు చూస్తూ కూర్చున్నావు.”

“కూర్చున్నాను.”

“ఇప్పుడు నేనేం చెయ్యాలి?”

“కోటు గుడ్డ ఇచ్చినాయన ఫోన్ చేస్తే నాకివ్వు. ఈ ముక్కే ఆయనకూ చెప్తాను. గుడ్డ వెతకడానికి నేనూ నీతో తిరుగుతాను.”

వంటమాస్టరు మీసం గీరుకున్నాడు. తప్పు ఒప్పుకున్న షాపును ఇప్పుడే చూస్తున్నానని, అయినా తన కత్తులకు ఇప్పుడు దిక్కేమిటని అడిగాడు. పెద్దక్క ఆ లెక్కా వేసుకునే ఉంది. మిషన్ ఆపేస్తాం, అన్నీ బాబాయి చేత్తో నూరుతాడు, వారం పడుతుంది, కాదంటే పట్టుకెళ్ళచ్చు అని చెప్పేసింది. చెప్పి, చెయ్యాల్సిన న్యాయం చేసినట్టు వసారా వైపు తిరిగింది.

బాబాయి అప్పటికే పీట మీద నుంచి లేచాడు. గుమ్మం పట్టుకుని నిలబడి ఉన్నాడు.

“నలభై కత్తులా? చేత్తోనా? నన్ను చంపుదామనుకుంటున్నావా అమ్మాయ్?”

మేకుల కోసం వచ్చినవాళ్ళలో ఒకతను ఫక్కున నవ్వి ఆపుకున్నాడు. బాబాయి కుడి చెయ్యి ఎత్తి చూపించాడు. భుజం దాకా వచ్చి ఆగిపోయింది. రెండేళ్ళ నుంచి ఇంతకు మించి లేవడం లేదని, మొరటు పని లాగడానికి ఒక చక్రం ఉంటే ఎంత బాగుండునని తనే అనుకుంటున్నాడని చెప్పాడు. చక్రం తెస్తున్నారని తెలిసిన రోజు సంతోషపడ్డాడట.

“మీరు తెచ్చారు. బిగించారు. బజారంతటికీ చూపించారు. ఎలా పట్టాలి బాబాయ్ అని మాత్రం అడగలేదు. సరే, నాతో పనిలేదు కాబోలనుకున్నా.”

ఆరు వారాల్లో బాబాయి లోపలి గదిలోకి రావడం అదే మొదలు. మిషన్ చుట్టూ ఒకసారి తిరిగాడు. చక్రం మీద గోరుతో గీసి గరుకు చూశాడు. పక్కనున్న గుండీని చూపించి ఇదేమిటని తమ్ముణ్ణి అడిగాడు.

“వేగం బాబాయ్.”

“ఎంతలో పెట్టావు?”

“పూర్తిగా.”

“ఎందుకు?”

 బాబాయి గుండీని కిందికి తిప్పాడు. వసారాలో ఉన్న నీళ్ళ చిప్ప తెప్పించి, అది చాలదని బకెట్ తెప్పించి, చక్రం పక్కన పెట్టించాడు. ట్రేలోంచి అన్నిటికంటే పనికిమాలిన కత్తి ఏరి తమ్ముడికి ఇచ్చాడు.

“ఆ గ్లవ్ తియ్యి అబ్బాయ్.”

“చెయ్యి కాలుతుంది బాబాయ్.”

“కాలాలి. వేడెక్కితే వేలు అరుస్తుంది. అంచు అరవదు, ఊరికే చస్తుంది. మొదటి రోజు నీ వేళ్ళు అరిచాయి చూడు, అప్పుడు వినాల్సింది. నువ్వు వాటి నోరు మూశావు.”

తమ్ముడు ఉన్న ఒక్క గ్లవ్ కూడా తీశాడు. బాబాయి అతని వేళ్ళను అంచు వెనకే, ఇనుము మీద, దగ్గరగా పెట్టించాడు. చక్రం నెమ్మదిగా తిరిగింది. రవ్వలు ఎక్కువ లేవలేదు. తమ్ముడు రెండు విడతలు లాగాడు. మూడో విడతలో వేలు ఉలిక్కిపడింది. కత్తి బకెట్లో ముంచాడు. చిన్నగా సుయ్యిమంది.

“ఆ. ఇంకో క్షణం ముందు,” అన్నాడు బాబాయి.

వంటమాస్టరు గుమ్మంలో నిలబడి అంతా చూశాడు. పది కత్తులు ఉంచి వెళ్తానని, అవి ఎన్నాళ్ళు నిలుస్తాయో చూసి మిగతావి తెస్తానని చెప్పి, ముప్ఫై తిరిగి మోయించుకుపోయాడు. పెద్దక్క దాన్ని తప్పు పట్టలేదు. తను అతని స్థానంలో ఉంటే ఐదే ఉంచేది.

కత్తెర పని సాయంత్రం దాకా పట్టింది. చచ్చిన ఉక్కంతా పోయి బతికిన ఉక్కు దొరికేదాకా నీళ్ళలో ముంచుతూ ముంచుతూ చక్రం మీద తమ్ముడు లాగాడు, బాబాయి పక్కన నిలబడ్డాడు. తర్వాత రాయి మీద బాబాయి నూరాడు. టైలరమ్మ తను పొద్దున్న కూర్చున్న స్టూలు మీద నుంచి లేవలేదు, మధ్యలో కోటాయన ఫోన్ చేస్తే పెద్దక్కకు అందించడానికి తప్ప. పూర్తయ్యాక ఆ నీలం గుడ్డ ముక్క తీసి కత్తిరించి చూసింది. అంచు గీత గీసినట్టు తెగింది. ఆమె కత్తెరను సంచిలో పెట్టుకోబోతే బాబాయి ఆపి, అట్ట మీద పెట్టి, మొదటి గీత లోపల రెండో గీత గీశాడు. రెండు గీతల మధ్య ఖాళీ ఇప్పుడు ఇంకా పెద్దదైంది. తొమ్మిదేళ్ళ నుంచి తను గీయకుండా కాచుకున్న గీత అది. దాని పక్కన ఎప్పటిలా తేదీ వేసి పెన్సిల్ చెవి వెనక పెట్టుకోబోయాడు.

తమ్ముడు చెయ్యి చాపి పెన్సిల్ అడిగాడు. గీతల మధ్య ఇరుకు చోటులో వంగి, ‘నేను’ అని రాశాడు. అతని చూపుడువేలు చివర బొబ్బ లేచి ఉంది. టైలరమ్మ వైపు చూడకుండానే అట్టను పెట్టెలో పెట్టాడు.

శుక్రవారం పెద్దక్క కౌంటర్ తమ్ముడికి అప్పగించి వీధిలోకి దిగింది. గురువారం తన మాట విన్నది ఎనిమిది మంది, లెక్కపెట్టుకుంది. కానీ పొద్దుటి నుంచి వసారాలోకి ఒక్క పనిముట్టు రాలేదు. మొన్నటి అబద్ధం ఎవరూ మోయకుండానే బజారంతా తిరిగింది. ఈ మాటను మాత్రం మోసుకుని తిరగాల్సి వచ్చేలా ఉంది, ఒక్కో గుమ్మం దగ్గరికి.

ముందు సెలూన్. అద్దంలో ఆమెను చూసి అతను దువ్వెన ఆపాడు. ఆమె చెప్పింది, అతను పట్టుకెళ్ళిన కత్తెరలు కూడా మళ్ళీ తేవాలని చెప్పింది. కుర్చీలో సబ్బు నురుగుతో కూర్చున్న మనిషి కూడా విన్నాడు. తర్వాత మాంసం కొట్టు. తర్వాత పుస్తకాల బైండింగ్ షాపు. ప్రతిచోటా అదే వాక్యం: కత్తెర పాడుచేసింది మేము, బాబాయి కాదు. మొదటి గుమ్మంలో ముక్కలు ముక్కలుగా వచ్చింది. మూడో గుమ్మంలో కాస్త జారింది. ఒకచోట అయ్యో అన్నారు, ఒకచోట ఔనా అని ఊరుకున్నారు, ఒకచోట ఇప్పుడు ముసలాయన పేరు కాపాడడానికి చెబుతోందని నమ్మనట్టు నవ్వారు. అందరికంటే ఆ నవ్వే ఎక్కువ తగిలింది. అబద్ధం ఒకసారి చెబితే చాలింది, నిజం రెండుసార్లు చెప్పినా చాలడం లేదు.

చివరికి వడ్రంగి షెడ్డు. చెక్కపొట్టు చీలమండల దాకా ఉంది. అతను తలుపు చట్రానికి గాడి తీస్తున్నాడు. ఉలి రెండుసార్లు జారడం ఆమె గుమ్మంలోంచే చూసింది. చెప్పాల్సింది చెప్పింది. వడ్రంగి సుత్తి పక్కన పెట్టి, ఎవరో ఏదో అన్నారని కాదని, ఊరికే తీసుకొచ్చానని, బాబాయి అంటే తనకు గౌరవమని ఏవేవో చెప్పుకొచ్చాడు. చెబుతూ చెబుతూ గోనెగుడ్డ మూట విప్పి, చేతిలోని ఉలిని కూడా అందులో పెట్టాడు. ఆరు ఉలుల మీద చెయ్యి ఆడించాడు. ఒకటి తీసి పెట్టేశాడు. ఇంకోటి తీసి ఆమె చేతికిచ్చాడు. అన్నిటికంటే పాతది, పిడి పగిలి తీగ చుట్టినది.

పెద్దక్క మూట వైపు ఇంకాసేపు చూసింది. వడ్రంగి మూట కట్టేశాడు.

దుకాణం మెట్ల దగ్గర బాబాయి ఖాళీ రాయి ముందు కూర్చుని ఉన్నాడు. లోపల చక్రం నెమ్మదిగా తిరుగుతోంది, మధ్యమధ్య నీళ్ళు సుయ్యిమంటున్నాయి. ఆమె ఉలిని దిమ్మ మీద పెట్టింది. బాబాయి దాన్ని గుర్తుపట్టాడు.

“ఒకటే ఇచ్చాడా?”

“ఒకటే.”

“పోయినా పర్వాలేదన్నది ఏరి ఇచ్చాడు.” పెద్దగా నొచ్చుకున్నట్టు లేదు. రేకు పెట్టెలో వెతికి వడ్రంగి అట్ట తీసి, ఉలిని పడుకోబెట్టి చూశాడు. గీతలోనే ఉంది. రాయి మీద నీళ్ళు చిలకరించాడు. “మరి మిగతా ఐదూ?”

పెద్దక్క చెప్పులకు అంటుకున్న చెక్కపొట్టు మెట్టు అంచుకు దులుపుకుంది.

“ఇంకాస్త మొద్దుబారాక అవే వస్తాయిలే,” అని పీట పక్కనే, సెలూన్ అతను కూర్చునే చోట కూర్చుంది.